ఈత కొట్టి వచ్చాక తలకు ఏది మేలు: కుంకుడా, శీకాయా, విటమిన్ సి నీళ్లా?

వేసవి సెలవుల్లో పిల్లలు రోజూ స్విమ్మింగ్ పూల్‌కి వెళ్తుంటే కొన్నాళ్లకే జుట్టు కొబ్బరిపీచులా తయారవుతుంది, చర్మం మీద గోరుతో గీస్తే తెల్లచారలు పడతాయి. తలంటు అనగానే మనకు ముందు గుర్తొచ్చేది కుంకుడుకాయ. కుంకుడు మంచిదే. కానీ పూల్ నీళ్లలో నానిన జుట్టుకు మాత్రం దాన్ని మూడో స్థానంలో పెట్టాలి.

పూల్ నీళ్లలో క్రిములు చావడానికి లీటరుకు సుమారు 1 నుంచి 3 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉంచుతారు. అది జుట్టు మీదా చర్మం మీదా ఉండే సహజమైన జిడ్డును తీసేస్తుంది, వెంట్రుకలోని ప్రొటీన్‌తోనూ కలుస్తుంది. ఈతగాళ్ల చెమట, మూత్రంతో కలిసి క్లోరమిన్లుగా మారుతుంది. సబ్బుతో రుద్దినా వదలని ఆ పూల్ వాసన ఎక్కువగా వీటిదే. కాబట్టి ఈత తర్వాత చేయాల్సిన పనులు రెండు: అంటుకున్న క్లోరిన్‌ను విరగ్గొట్టడం, మిగిలిన కాస్త జిడ్డు పోకుండా తల శుభ్రం చేయడం. కుంకుడు, శీకాయ చేసేది ముఖ్యంగా రెండో పని. మొదటి పనికి ఇంట్లో చేసుకోగలిగినవాటిలో విటమిన్ సి నీళ్లను మించింది లేదు.

పాళ్లు ఇవి. లీటరు మంచినీళ్లలో పావు టీస్పూన్, అంటే దాదాపు ఒక గ్రాము, ఆస్కార్బిక్ ఆమ్లం (విటమిన్ సి) పొడి కలపాలి. అలాగే వాడితే పులుపు ఎక్కువై ఎర్రబడిన కళ్లకు, దోక్కుపోయిన చోట మంట పెడుతుంది. అందుకని అందులో సగం, అంటే టీస్పూన్‌లో ఎనిమిదో వంతు వంటసోడా కూడా వేసి, బుసబుస ఆగేదాకా ఉంచాలి. ఇప్పుడా నీళ్ల పులుపు విరుగుతుంది, క్లోరిన్‌ను తీసే గుణం మాత్రం పోదు. సోడా ఎక్కువైతే నీళ్లు క్షారమై వెంట్రుక పైపొర లేస్తుంది, జుట్టు చిక్కులు పడుతుంది. పూల్ దగ్గరే షవర్ కింద ఒక నిమిషం తడిసి, ఈ నీళ్లు తల నుంచి ఒళ్లంతా పారేలా పోసుకుని, రెండు నిమిషాలాగి మళ్లీ మంచినీళ్లు పోసుకోవాలి.

ఇందులో చాలామంది పొరపాటు పడేది రెండు చోట్ల. పొద్దున్నే కలిపి సీసాలో తీసుకెళ్తే గాలి తగిలి విటమిన్ పాడవుతూ ఉంటుంది, నీళ్లు పసుపు రంగుకు తిరిగాయంటే పోసుకుని లాభం లేదు. రాగి చెంబులో కలిపితే ఇంకా తొందరగా పాడవుతుంది. పొడిని, వంటసోడాను చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పొడిగా తీసుకెళ్లి అక్కడే కలుపుకోవాలి. రెండోది, చప్పరించే విటమిన్ మాత్రలు నూరి వాడటం. వాటిలో చక్కెర, రంగు, సువాసన ఉంటాయి, తల జిగటగా అవుతుంది. మందుల షాపులో ఏమీ కలపని పొడి అడగండి.

నిమ్మకాయ చాలదా అంటే, లెక్క ప్రకారం చాలుతుంది. ఒక మిల్లీగ్రాము క్లోరిన్‌కు రెండున్నర మిల్లీగ్రాముల విటమిన్ సి సరిపోతుంది. తడిసిన పొడవు జుట్టులో 200 మిల్లీలీటర్ల పూల్ నీళ్లు ఉన్నాయనుకున్నా అందులో క్లోరిన్ 0.6 మిల్లీగ్రాములకు మించదు. ఒక కాయ రసంలోని విటమిన్ దానికి ఎక్కువే. గ్రాము పొడి వేయడం వెంట్రుకకు అంటుకుపోయిన భాగం కోసం. నిమ్మతో అసలు చిక్కు వేరు. దాని రసం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలెక్కి, నల్లమచ్చలు పడి వారాల తరబడి ఉంటాయి. మన పూల్స్ చాలావరకు ఆరుబయటే. సాయంత్రం ఇంటికొచ్చాక లీటరు నీళ్లలో అరచెక్క పిండి తలకు మాత్రమే పోసుకుని కడిగేస్తే ఇబ్బంది లేదు. పగటిపూట, ఒంటికి వద్దు.

ఇక తలంటుకు కుంకుడా, శీకాయా? వారంలో నాలుగైదు రోజులు ఈదేవాళ్లకు శీకాయ. కుంకుడు నురుగు బాగా వచ్చి జిడ్డును గట్టిగా లాగుతుంది. క్లోరిన్ అప్పటికే జిడ్డు తీసేసిన తల మీద అది పడితే కుదుళ్లు బిగుసుకుపోయి, పొట్టు రాలుతుంది. పైగా పూల్‌లో ఎర్రబడిన కళ్లలోకి కుంకుడు రసం పోతే పిల్లలు మళ్లీ తలంటుకు ఒప్పుకోరు. శీకాయ మెత్తగా పనిచేస్తుంది, నూనె పూర్తిగా వదిలించదు. సాధారణ తలంటులో అది లోపం, ఇక్కడ అదే కావాలి.

భుజాల దాకా ఉండే జుట్టుకు రెండు పెద్ద చెంచాల శీకాయ పొడి, ఒక చెంచా మెంతిపిండి, గోరువెచ్చటి పల్చటి గంజి ఒక గ్లాసు కలిపి పావుగంట నానబెట్టాలి. పొడిని ముందే పలచటి గుడ్డలో జల్లించకపోతే పలుకులు జుట్టులో చిక్కుకుని, దువ్వేటప్పుడు వెంట్రుకలు తెగుతాయి. జల్లించేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆ ధూళికి తుమ్ములు ఆగవు.

కుంకుడును వారానికొకసారి, తలకు నూనె బాగా పెట్టిన రోజుకు ఉంచుకోండి. ఎనిమిది, పది కాయలు కొట్టి గింజలు తీసి, రెండు గ్లాసుల వేడినీళ్లలో అరగంట నానబెట్టి పిసికి వడకట్టాలి. ఉప్పునీళ్ల బోరున్న ఇళ్లలో కుంకుడుకు ఒక మేలుంది. సబ్బులా తెల్లటి తెట్టు కట్టి జుట్టుకు అంటుకోదు. రసం మిగిలితే ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి ఉంచొద్దు, పులిసిపోతుంది.

జుట్టుకు ఆకుపచ్చ ఛాయ వస్తే నింద క్లోరిన్ మీద వేస్తారు. అది రాగి పని. పాచి పట్టకుండా పూల్‌లో వేసే మైలతుత్తం నుంచి వస్తుంది. నల్లజుట్టులో కనపడదు, రంగు తీసేసిన జుట్టులో, నెరిసిన జుట్టులో తెలుస్తుంది. దీనికి శీకాయ మీద ఆశ పెట్టుకోకుండా రాగి లాంటి లోహాలను పట్టి లాగేసే ఈడీటీఏ అనే రసాయనం ఉన్న ఈతగాళ్ల షాంపూ వాడటమే మంచిది.

నూనె ఈతకు ముందా, తర్వాతా? తలకైతే ముందే. అరగంట ముందు ఒక టీస్పూన్ కొబ్బరినూనె చివళ్లకు ఎక్కువగా పట్టించి, పూల్ దగ్గర మంచినీళ్లతో తల తడిపి టోపీ పెట్టుకోవాలి. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి దిగి ప్రొటీన్ పోకుండా కాస్త ఆపుతుంది. పొద్దుతిరుగుడు నూనె పైపైనే ఉండిపోతుంది. మంచినీళ్లు ముందే పీల్చుకున్న జుట్టు పూల్ నీళ్లను తక్కువ పీలుస్తుంది. నూనె కారేలా పెడితే టోపీ జారుతుంది, నీళ్ల మీద తెట్టు తేలుతుంది, ఫిల్టర్ పాడవుతుంది.

ఒంటికి మాత్రం తర్వాతే. తడి పూర్తిగా ఆరకముందే రెండు టీస్పూన్ల కొబ్బరినూనె గానీ నువ్వులనూనె గానీ చేతులకు, కాళ్లకు రాయాలి. ఆవనూనె వద్దు, పొడిబారిన చర్మాన్ని రేపుతుంది. మొటిమలున్న ముఖానికి కొబ్బరినూనె బదులు ఒక వంతు గ్లిజరిన్, మూడు వంతుల పన్నీరు (రోజ్ వాటర్) కలిపి తడి మీద రాస్తే సరిపోతుంది.

నలుగు విషయంలో ముల్తానీ మట్టి, సెనగపిండి రెండూ ఉన్న జిడ్డును కూడా పీల్చేస్తాయి. పెసరపిండి రెండు చెంచాలకు మీగడ ఒక చెంచా కలిపి, వారానికి రెండుసార్లు, రుద్దకుండా తడిచేత్తో జార్చినట్టు తీసేయాలి. మిగతా రోజుల్లో చంకలకు, గజ్జలకు తప్ప సబ్బు అక్కర్లేదు. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎర్రగా దురదపెట్టే మచ్చలుంటే నలుగు పూర్తిగా మానేసి, చర్మం డాక్టరుకు చూపించేదాకా పూల్‌కి కూడా పంపొద్దు.