డూమ్ 2016కీ డూమ్ ఎటర్నల్‌కీ తేడా ఎక్కడ?

రాక్షసుల్ని కాల్చి చంపే వీడియో గేమ్ డూమ్. 2016 నాటి డూమ్‌లో సూపర్ షాట్‌గన్ చేతికొచ్చాక దాంతోనే ఆట చాలావరకు లాగించేయొచ్చు. 2020లో వచ్చిన ఎటర్నల్‌లో ఆ పప్పులు ఉడకవు. మొదట్లో షాట్‌గన్ తూటాలు 16కి మించి మోయలేం, కాసేపట్లోనే ఖాళీ.

అందుకే గ్లోరీ కిల్‌తో (డీలాపడ్డ రాక్షసుణ్ణి దగ్గరకెళ్లి చంపడం) ప్రాణం, భుజమ్మీది మంటల తుపాకీతో కవచం, చైన్‌సాతో (మోటారు రంపం) తూటాలు రాబట్టుకుంటూ ఉండాలి. పాత ఆటలో చైన్‌సా ఇంధనం వెతుక్కుని దాచుకునేవాళ్లం. ఇక్కడ ఇంధనంలో మొదటి గడి దానంతటదే నిండుతుంది, దాచుకుంటే నష్టమే. తూటాలు అడుగంటకముందే ఓ చిన్న రాక్షసుణ్ణి కోసేయండి.

శత్రువుల తీరూ మారింది. కాకోడెమన్ నోట్లో గ్రెనేడ్ పడితే చాలు, గ్లోరీ కిల్‌కి దొరికిపోతుంది. అరాక్నోట్రాన్‌కైతే ముందు పైనున్న ఫిరంగిని పేల్చాలి. చాలామంది తిట్టుకునేది మరాడర్‌ని. దూరంగా ఉంటే గొడ్డలి వేటు విసురుతాడు, మరీ దగ్గరకెళ్తే షాట్‌గన్ పేలుస్తాడు. మధ్య దూరంలో ఆగి, కళ్లు ఆకుపచ్చగా మెరిసిన క్షణంలో కాల్చాలి. తొందరపడితే డాలు అడ్డొస్తుంది.

గోడలు పాకడం, గాల్లో దూకడం మాత్రం ఎటర్నల్‌లో కాస్త శ్రుతి మించాయి. అంగారక స్థావరంలోని ఆ బిగువు పాత ఆటదే.

రెండూ ఆడాలనుకుంటే 2016దే ముందు. ఎటర్నల్‌లో ఒక్క ఉదుటున దూసుకెళ్లే డాష్‌కి అలవాటుపడి వెనక్కి వెళ్తే కాళ్లు కట్టేసినట్టుంటుంది.