చిన్న వంటగదిలో స్టీలు సొరుగులు: ఆరేళ్ల వాడకం తర్వాత

కూకట్‌పల్లిలోని మా ఫ్లాటులో వంటగది పొడవు 8 అడుగులు, వెడల్పు 6 అడుగులు. 2019లో గట్టు కింద ప్లైవుడ్ అరలు కట్టించి, వాటిలో ముందుకు లాగే స్టీలు తీగల సొరుగులు ఐదు పెట్టించుకున్నాము. సింకు పైన గోడకు గిన్నెల స్టాండు బిగించాము. నలుగురికి రెండు పూటలా వంట సాగే ఆ గదిలో వీటిని ఆరేళ్లు వాడిన మీదట, చోటు తక్కువగా ఉన్నవారు ఇన్ని సొరుగులు పెట్టించుకోకూడదని నేను గట్టిగా చెప్పగలను.

సొరుగు కూర్చోవాలంటే రెండు పక్కలా పట్టాలు ఉండాలి. ఒక్కొక్కటి అరంగుళం చోటు తీసుకుంటుంది. ఆపైన తీగల చట్రం మందం, వెనుక వదిలిన ఖాళీ ఉంటాయి. మా అరల లోపలి వెడల్పు 18 అంగుళాలు కాగా, డబ్బాలు పెట్టుకోవడానికి మిగిలింది 16 మాత్రమే. ఎత్తులోనూ అంతే నష్టం. కందిపప్పు, మినప్పప్పు, రవ్వ డబ్బాలను మామూలు అరలో ఒకదానిమీద ఒకటి పేర్చుకునేవాళ్లము. సొరుగులో ఒక్క వరుసే పడుతుంది, దాని పైన జానెడు చోటు వృథాగా ఉండిపోతుంది. అయితే వెనుక ఉన్న డబ్బా కోసం మోకాళ్లమీద కూర్చుని వెతికే పని తప్పింది. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారికి అది చిన్న సుఖం కాదు.

పప్పుల సొరుగు నాలుగో ఏడాదిలో మొరాయించింది. డబ్బాలన్నీ నిండుగా ఉన్న రోజున లాగితే ఎడమ పట్టా వంగి, అందులోని ఉక్కు గుండ్లు నేలమీద చెల్లాచెదురుగా పడ్డాయి. పట్టాలు మార్పించాక బరువైన డబ్బాలను వెనక్కి, పక్కలకు సర్ది పెడుతున్నాము. మళ్లీ ఇబ్బంది రాలేదు.

తుప్పు సంగతి ఇంకా ముఖ్యం. కొనేటప్పుడు దుకాణదారు అయస్కాంతం పెట్టి, అంటుకోలేదు కాబట్టి మేలిమి స్టీలేనని నమ్మబలికాడు. స్టీలులో తుప్పును బాగా తట్టుకునే 304 రకానికి సాధారణంగా అయస్కాంతం అంటదు, నికెలు తక్కువగా ఉండే 202 రకానికీ అంటదు. కాబట్టి ఆ పరీక్షతో ఈ రెండింటి తేడా తెలియదు. సింకు పక్కనున్న సొరుగు తీగల అతుకుల దగ్గర రెండో వానకాలానికే గోధుమరంగు మచ్చలు వచ్చాయి. ఆవకాయ జాడీ నుంచి కారిన ఉప్పు ఊట చూసుకోకుండా వదిలేసిన చోట తీగ గరుకుబారిపోయింది. అందుకే 304 అని బిల్లుమీద రాయించుకోవడం మంచిది.

సిలిండరు అర గురించి ఒక్క మాట. వంటగ్యాసు గాలికంటే బరువైనది, లీకయితే కిందనే పేరుకుంటుంది. కాబట్టి ఆ తలుపుకు గాలి రంధ్రాలు అడుగు భాగాన తప్పకుండా ఉండాలి. మా వడ్రంగి పైన మాత్రమే పెట్టాడు, మేము తర్వాత కింద కూడా కోయించాము.

పెట్టిన డబ్బుకు పూర్తి విలువ ఇచ్చింది గోడమీది గిన్నెల స్టాండే. కడిగిన కంచాలు, గ్లాసులు అందులో పెడితే నీరు నేరుగా సింకులోకి కారిపోతుంది, గట్టు పొడిగా ఉంటుంది, తుడిచి లోపల సర్దే పని ఉండదు. మా గోడ తేలిక ఇటుకలది కావడంతో మొదట బిగించిన చిన్న మేకులు వదులై పై వరుస ఊగింది. పొడవైన మరలు, ఆ ఇటుకకు తగిన ప్లగ్గులు వేయించిన తర్వాత కదలలేదు. బోరు నీళ్ల తెల్లచారలు మాత్రం వారానికోసారి నిమ్మచెక్కతో రుద్దాల్సిందే.

వచ్చే నెలలో పోపు సామాను, చెంచాలు గరిటెలు, రోజువారీ గిన్నెల సొరుగులు మూడింటినే ఉంచి, మిగిలిన రెండు తీయించేస్తున్నాము. ఆ చోట్లో ఒక అర 25 కిలోల బియ్యం డ్రమ్ముకు, ఇంకొకటి ఇన్నాళ్లూ సరైన చోటు దొరకని ఆవకాయ జాడీకి కేటాయించాము.