శివనసముద్రం: జలపాతం సరే, పవర్‌హౌస్ సంగతేంటి?

కర్ణాటకలో కావేరి ఒడ్డునున్న శివనసముద్రం బెంగళూరు నుంచి మళవళ్లి మీదుగా 130 కిలోమీటర్ల పైచిలుకు. దారి పొడవునా బోర్డులు గగనచుక్కి, భరచుక్కి జలపాతాలవే. 1902 నుంచి కరెంటు ఇస్తున్న శేషాద్రి అయ్యర్ జలవిద్యుత్ కేంద్రం అక్కడే ఉన్నా, దాని ఊసెత్తేవాళ్లు తక్కువ. ఆసియాలోనే మొదటిదంటూ కొందరు చెప్పేది మాత్రం నమ్మకండి. డార్జిలింగ్ దగ్గర సిద్రాపాంగ్ 1897లోనే మొదలైంది. దీని గొప్పంతా దూరంలో ఉంది: దాదాపు 147 కిలోమీటర్లు లైను లాగి కోలారు బంగారు గనులకు కరెంటు పంపారు. బెంగళూరు వీధి దీపాల వంతు 1905లో గానీ రాలేదు.

పెద్ద డ్యామ్ చూద్దామని వెళ్తే నిరాశే. కావేరికి అడ్డంగా తక్కువ ఎత్తు ఆనకట్ట, దాన్నుంచి కాలువ, కాలువ చివర నీరు నిలిచే తొట్టి (ఫోర్‌బే), అక్కణ్నుంచి లోయలోకి నిటారుగా దిగే ఇనుప గొట్టాలు (పెన్‌స్టాకులు). అంతే. గొట్టాల మూతి దగ్గర కడ్డీల జాలీ ఉంటుంది. కొత్త నీటితో కొట్టుకొచ్చే కొమ్మలు, ఆకులు, గుర్రపుడెక్క దానికి అడ్డం పడితే టర్బైన్లకు నీరు తగ్గుతుంది, ఎప్పటికప్పుడు లాగేయాల్సిందే. చెప్పుకోదగ్గ నిల్వ లేదు కాబట్టి ఎండాకాలంలో నది సన్నబడితే గనులకు కరెంటు చాలేది కాదు. పైన కృష్ణరాజసాగర్ డ్యామ్ కట్టడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఎప్పుడు వెళ్లాలో ఈ లెక్కే చెబుతుంది. గొట్టాల్లో నీరు దిగే ఎత్తు దాదాపు 400 అడుగులు. సెకనుకు ఒక ఘనపు మీటరు, అంటే 35 క్యూసెక్కులు వదిలితే సుమారు ఒక మెగావాట్ వస్తుంది. కేంద్రం సామర్థ్యం 42 మెగావాట్లు. అన్ని యూనిట్లూ తిరిగితే 1,500 క్యూసెక్కుల వరకు టర్బైన్లకే పోతుంది. నదిలో అంతకంటే తక్కువ ఉన్న రోజున జలపాతాల దగ్గర మిగిలేది నల్లరాళ్లే. డబ్బులు దండగ అని తిట్టుకుంటూ వెనక్కొచ్చేది ఎక్కువగా మార్చి, ఏప్రిల్‌లలో వెళ్లినవాళ్లే. బయల్దేరే ముందు కృష్ణరాజసాగర్, కబిని డ్యాములు రెండింటి ఔట్‌ఫ్లో (బయటికి వదిలే నీరు) చూసుకోండి. కబిని నది కూడా శివనసముద్రానికి ఎగువనే, తిరుమకూడలు నరసీపుర దగ్గర కావేరిలో కలుస్తుంది. ఔట్‌ఫ్లోలో కాలువలకు వదిలేది కలిపేయొద్దు, నదిలోకి వదిలేదే లెక్క. రెండూ కలిపి పది వేల క్యూసెక్కులు దాటితే ప్రయాణం గిట్టుబాటే. జులై నుంచి అక్టోబరు దాకా అవకాశం ఎక్కువ.

పవర్‌హౌస్ లోయ అడుగున ఉంది, సిబ్బంది వాలు పట్టాల మీద ట్రాలీలో దిగుతారు. అనుమతి లేకుండా గేటు దాటనివ్వరు. ఇంజినీరింగ్ పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు కాలేజీ లెటర్‌తో కర్ణాటక పవర్ కార్పొరేషన్‌ను ముందే అడగాలి. శనివారం కారేసుకుని వెళ్లి గేటు దగ్గర బతిమాలితే పని జరగదు.

జలపాతానికి (వరద రోజుల్లో) 5కి 4.5. పవర్‌హౌస్‌కు 3 మించి ఇవ్వలేం: యంత్రాలకు తక్కువై కాదు, బయట నిలబడ్డ మనిషికి ఏది ఏమిటో చెప్పే బోర్డు సరిగ్గా లేక. పిల్లలతో వెళ్తే నదిలోకి దింపకండి. పైన గేట్లెత్తితే నీటిమట్టం చూస్తుండగానే పెరుగుతుంది.