కంటి నరానికి రక్తం అందకపోతే: వెంటనే స్టెరాయిడా, ఆగి చూడటమా?

పొద్దున్నే అద్దంలో చూసుకుంటే ఒక కంటికి నుదురు కనిపిస్తోంది, గడ్డం కనిపించడం లేదు. నొప్పి లేదు, ఎరుపు లేదు. కంటి నరానికి రక్తప్రసరణ తగ్గినప్పుడు చాలామందికి చూపు ఇలాగే పోతుంది, ఎక్కువగా కింది సగం. ఇక స్టెరాయిడ్ వాడాలా వద్దా అని టెన్షన్.

ఏది మేలో తేల్చేది జబ్బు రకం. వయసు యాభై దాటి, దువ్వెన తగిలితే నెత్తి నొప్పి పుడుతోందా? నమిలేటప్పుడు దవడ పీకి, మధ్యలో ఆపాల్సి వస్తోందా? కొత్తగా తలనొప్పా? అయితే రక్తనాళాల వాపు, అంటే జెయింట్ సెల్ ఆర్టిరైటిస్ అని అనుమానించాలి. ఇందులో ఆగే ప్రశ్నే లేదు. ఒంట్లో వాపును పట్టిచ్చే ఈఎస్ఆర్, సీఆర్‌పీ పరీక్షలకు రక్తం తీసి, ఆ రోజే పెద్ద మోతాదులో స్టెరాయిడ్ మొదలెట్టాలి. కణత దగ్గర రక్తనాళం ముక్క తీసి చూసే బయాప్సీ వారం తర్వాత చేసినా ఆనవాళ్లు దొరుకుతాయి. రిపోర్టు కోసం కూర్చుంటే ఈలోగా రెండో కన్నూ పోవచ్చు. పోయిన చూపు తిరిగి రావడం అరుదు. మందు ముఖ్యంగా మిగిలిన కంటి కోసమే.

ఆ లక్షణాలేవీ లేని రకమే ఎక్కువమందికి వస్తుంది. వీళ్లలో చాలామందికి షుగరో బీపీయో ఉంటుంది. కంటి డాక్టర్ సోహన్ సింగ్ హేరే 2008లో ప్రచురించిన అధ్యయనంలో స్టెరాయిడ్ వాడినవాళ్లకే చూపు ఎక్కువగా మెరుగైంది. కానీ మందు వాడాలా వద్దా అన్నది రోగులే ఎంచుకున్నారు, అంటే తేడా మందు వల్లే అని గట్టిగా చెప్పలేం, కాబట్టి డాక్టర్లలో ఏకాభిప్రాయం లేదు. పైగా స్టెరాయిడ్‌తో షుగర్ ఎగబాకుతుంది. నా ఓటు ఆగడానికే.

ఆపరేషనైతే అసలే వద్దు. నరం చుట్టూ ఉన్న పొరను కోసే పద్ధతిని అమెరికాలో పరీక్షించి 1995లో ఫలితాలు చెప్పారు. ఆరు నెలలకు అక్షరాల చార్టులో మూడు లైన్లో, ఇంకా ఎక్కువో మెరుగైనవాళ్లు ఆపరేషన్ చేయించుకున్నవారిలో 32.6 శాతం, ఊరికే గమనించినవారిలో 42.7 శాతం. అంతే దిగజారినవాళ్లు 23.9 శాతం, 12.4 శాతం. కత్తి పెట్టనివాళ్లే నయం!

ఆగడమంటే చేతులు ముడుచుకోవడం కాదు. రాత్రి బీపీ మాత్ర వల్ల నిద్రలో బీపీ మరీ పడిపోతోందేమో డాక్టర్ని అడగాలి, సొంతంగా మానకూడదు. గట్టిగా గురక పెడితే స్లీప్ యాప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) పరీక్ష చేయించాలి. వయాగ్రా లాంటి మాత్రలు వాడుతుంటే సిగ్గుపడకుండా చెప్పాలి. ఐదేళ్లలో రెండో కంటికీ ఇదే వచ్చినవాళ్లు ఆపరేషన్‌ను పరీక్షించిన ఆ అమెరికా అధ్యయనంలో దాదాపు 15 శాతం.