తిరుపతిలో విదేశీ కరెన్సీ కొనేవారికి హెచ్చరిక: ఫోన్లో చెప్పిన రేటును నమ్ముకుని చివరి రోజు దాకా ఆగవద్దు

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి సింగపూర్, మలేషియా, థాయిలాండ్ చూడటానికి వెళ్లే కుటుంబాలూ, కువైట్‌కు పనికి వెళ్లేవారూ విదేశీ డబ్బు కొనేటప్పుడు తప్పకుండా తెలుసుకోవలసిన విషయం ఒకటి ఉంది కాబట్టి ఇది రాస్తున్నాను. మా తమ్ముడి కుటుంబం సింగపూర్ ప్రయాణానికి ముందు నగరంలోని ఒక విదేశీ మారక దుకాణంలో నష్టపోయిన తీరు ఇక్కడ వివరంగా చెబుతాను. ఫిర్యాదు ఇంకా తేలలేదు కనుక ఆ దుకాణం పేరు రాయడం లేదు. పేరు తెలియకపోయినా వారు అనుసరించిన పద్ధతి తెలిస్తే, అది ఎక్కడ ఎదురైనా మీరు గుర్తుపట్టగలరు.

తమ్ముడికి 1,500 సింగపూర్ డాలర్లు కావాలి. ఆ వారంలో ఫోన్లో వెతికితే కనిపించే మధ్యరేటు, అంటే మార్కెట్లో కొనే ధరకూ అమ్మే ధరకూ నడుమ ఉండే రేటు, 66 రూపాయల దగ్గర ఉండగా, దుకాణంవారు ఫోన్లో 67 రూపాయలకు ఇస్తామని, కమీషన్ ఏమీ లేదని చెప్పి, ఐదు వేలు అడ్వాన్సు వేయించుకున్నారు. ఒక రూపాయి తేడా న్యాయమైనదే. దుకాణం నడవాలంటే ఆ మాత్రం మిగలాలి. ఆ తరువాత ఎప్పుడు అడిగినా సరుకు రాలేదని, రేపు రమ్మని చెబుతూ, ప్రయాణం ముందురోజైన శనివారం సాయంత్రం దాకా సాగదీశారు. మన ప్రాంతంవారిలో చాలామంది చెన్నై నుంచో బెంగళూరు నుంచో విమానం ఎక్కుతారు కనుక రాత్రికే కారు కట్టించుకుని బయలుదేరాలి, ఆ వేళకు బ్యాంకులు తెరిచి ఉండవు, మరో దుకాణానికి వెళ్లే వ్యవధీ ఉండదు. కౌంటరులో కూర్చున్న వ్యక్తి అప్పుడు బోర్డు చూపించి, "సార్, ఫోన్లో చెప్పింది ఆ రోజు రేటు. ఇప్పుడు మార్కెట్ పైకి పోయింది. వద్దంటే ఎయిర్‌పోర్టులో తీసుకోండి, అక్కడ ఇంతకన్నా ఎక్కువే పడుతుంది" అన్నాడు. బోర్డు మీద ఉన్నది 70 రూపాయల 20 పైసలు. ఫోన్లో మధ్యరేటు మాత్రం ఆ వేళకు కూడా 66 దగ్గరే ఉంది.

అంతటితో ఆగలేదు. డాలర్ల ధర 1,05,300 రూపాయలు కాగా, జీఎస్టీ అని మరో 1,895 రూపాయలు కలిపి ఒక తెల్లకాగితం చీటీ మీద మొత్తం 1,07,195 అని రాసి, అదంతా నగదుగానే కావాలన్నారు. ఈ రెండు విషయాల్లోనూ నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. విదేశీ డబ్బు కొనేటప్పుడు 50,000 రూపాయల లోపు మాత్రమే నగదుగా చెల్లించవచ్చు. అది దాటితే చెక్కు, డీడీ, కార్డు వంటి బ్యాంకు మార్గంలోనే చెల్లించాలి. ఇక జీఎస్టీ మీరు కొన్న మొత్తం మీద పడదు. లక్ష రూపాయల వరకు అందులో ఒక శాతాన్ని, కనీసం 250 రూపాయలను, సేవ విలువగా లెక్కగట్టి, ఆ విలువ మీద 18 శాతం పన్ను వేస్తారు. లక్ష దాటి పది లక్షల వరకు సేవ విలువ వెయ్యి రూపాయలు, దాని పైన లక్షకు మించిన మొత్తంలో అర శాతం. ఆ లెక్కన 1,05,300 రూపాయలకు సేవ విలువ 1,026 రూపాయల 50 పైసలు, పన్ను 185 రూపాయలు. తమ్ముడు ఈ లెక్క చెప్పి, బ్యాంకు ద్వారానే చెల్లించి, క్యాష్ మెమో, అంటే రేటూ ఛార్జీలూ రాసిన రసీదు, ఇచ్చేదాకా కదలనని కూర్చున్నాడు. చివరికి మెమో ఇచ్చారు. అందులో జీఎస్టీ 185 అని సరిగానే ఉంది, దాని కింద కొత్తగా సర్వీస్ ఛార్జీ 1,710 అని ఇంకో వరస చేరింది. కమీషన్ లేదన్న మాటకు అర్థం అలా తేలింది. అన్నీ కలుపుకుంటే ఒక్కో డాలరుకు పడిన అసలు రేటు 71 రూపాయల 46 పైసలు, అంటే మధ్యరేటు కన్నా ఎనిమిది శాతానికి పైగా ఎక్కువ. మొదట ఒప్పుకున్న ప్రకారమైతే పన్నుతో కలిపి 1,00,680 రూపాయలతో సరిపోయేది. పిల్లల కోసం దాచుకున్న డబ్బులోంచి ఆరున్నర వేలు అలా పోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఆ దుకాణం గోడకు రిజర్వు బ్యాంకు లైసెన్సు తగిలించే ఉంది. లైసెన్సు ఉందో లేదో చూడటం తప్పనిసరి, ఎందుకంటే అనుమతి లేనివారి దగ్గర విదేశీ డబ్బు కొంటే విదేశీ మారక నిర్వహణకు సంబంధించిన 1999 నాటి ఫెమా చట్టం ప్రకారం కొన్నవారిది కూడా ఉల్లంఘనే, ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా పడవచ్చు. డాలర్లు ఉన్నాయా, కావాలా అని యాత్రికులను వీధిలో పలకరించేవారి జోలికి అసలు పోవద్దు. అయితే లైసెన్సు రేటుకు హామీ కాదు. రేట్ల పట్టికను అందరికీ కనిపించేలా పెట్టాలని, అమ్మినప్పుడు క్యాష్ మెమో ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెబుతుందే తప్ప, ఎంతకు అమ్మాలో నిర్ణయించదు. నగల దుకాణంలో గ్రాము ధర తక్కువగా చెప్పి తరుగులోనూ మజూరీలోనూ రాబట్టుకున్నట్లే, ఇక్కడ కూడా కమీషన్ లేదని చెప్పి రేటులోనూ ఛార్జీల్లోనూ రాబట్టుకుంటారు. కాబట్టి రేటు ఎంత అని మాత్రమే అడిగి ఊరుకోకండి. అన్నీ కలుపుకుని మా ఖాతాలోంచి ఎన్ని రూపాయలు పోతాయి, మా చేతికి ఎన్ని నోట్లు వస్తాయి అని అడిగి, ఆ రెండు అంకెలను, రేటు ఎన్ని గంటల దాకా చెల్లుతుందో కూడా కలిపి, వాట్సాప్ సందేశంగా రాయించుకోండి. అలా రాసి ఇవ్వనివారికి అడ్వాన్సు ఇవ్వకండి. శని, ఆదివారాల్లో బ్యాంకుల మధ్య మారక మార్కెట్ ఉండదు కనుక ఆ రోజుల్లో దుకాణాలవారు ఇంకొంత కలిపి చెబుతారు. కొనుగోలు వారం మధ్యలో, ప్రయాణానికి కొన్ని రోజుల ముందే ముగించండి.

రేట్ల తేడాను పైసల్లో చూస్తే మోసపోతాం, శాతంలో చూడాలి. కువైట్ దినారు 280 రూపాయలు ఉన్నప్పుడు ఐదు రూపాయలు ఎక్కువ అడిగితే పెద్ద తేడాగా అనిపిస్తుంది, కాని అది రెండు శాతం లోపే. థాయ్ బాత్ 2 రూపాయల 60 పైసలు ఉన్నప్పుడు 2 రూపాయల 85 పైసలకు ఇస్తామంటే పావలాయే కదా అనిపిస్తుంది, కాని అది తొమ్మిదిన్నర శాతం. బ్యాంకాక్ వెళ్లేవారికి ఇక్కడ బాత్ కొనడం కన్నా అమెరికన్ డాలర్లు తీసుకువెళ్లి అక్కడి నగరంలోని మారక దుకాణాల్లో మార్చుకోవడం చాలాసార్లు మేలు. వంద డాలర్ల నోటుకు అక్కడ చిన్న నోట్ల కన్నా మంచి రేటు ఇస్తారు. చిరుగు, పెన్ను గీత, మరక ఉన్న నోట్లను తిప్పి పంపే అవకాశం ఉంది కనుక, ఇక్కడ తీసుకునేటప్పుడే ప్రతి నోటూ వెలుతురులో పెట్టి చూసుకోండి. సింగపూర్‌లో లిటిల్ ఇండియా ప్రాంతంలో, ముస్తఫా సెంటర్ చుట్టుపక్కల మారక దుకాణాలు చాలా ఉన్నాయి, పోటీ వల్ల రేటు విమానాశ్రయం కన్నా బాగుంటుంది. మొదటి రోజు ఖర్చుకు సరిపడా మాత్రమే ఇక్కడ కొనుక్కుని మిగతాది అక్కడ చూసుకోవచ్చని మాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంతో బాగుండేది.

అక్కడికి చేరాక కార్డు దగ్గర మరో దెబ్బ తగిలింది. ఒక దుకాణంలో 240 డాలర్ల వస్తువు కొన్నప్పుడు స్వైపింగ్ మెషీన్ సింగపూర్ డాలర్లలో చెల్లిస్తారా, రూపాయల్లో చెల్లిస్తారా అని అడిగింది. మా మరదలు చూసేలోపే అమ్మే వ్యక్తి రూపాయల మీట నొక్కేశాడు. మధ్యరేటు ప్రకారం 15,840 రూపాయలు కావలసింది 16,790 పడింది. రూపాయల్లో అనగానే మనకు తెలిసిన లెక్క కదా అని ధైర్యం కలుగుతుంది, కాని ఆ మార్పిడి రేటును మన బ్యాంకు కాక అవతలివారు నిర్ణయిస్తారు. కొన్ని బ్యాంకులు దాని మీద మళ్లీ ఒక శాతం దాకా వసూలు చేస్తాయి. ఎంపిక చేసుకునే హక్కు కార్డుదారుదే కనుక, మెషీన్‌ను మీ చేతికి ఇమ్మని అడిగి, ఎప్పుడూ ఆ దేశపు కరెన్సీనే ఎంచుకోండి. ఏటీఎంలో కూడా ఇదే ప్రశ్న వస్తుంది. మార్పిడి వద్దని నొక్కినా డబ్బు వస్తుంది, భయపడనక్కర లేదు. ఫారెక్స్ కార్డు, అంటే ముందే విదేశీ డబ్బు వేయించుకునే కార్డు, తీసుకునేవారు వెళ్లే దేశపు కరెన్సీనే అందులో వేయించుకోవాలి. అమెరికన్ డాలర్లు వేయించుకుని వేరే కరెన్సీలో ఖర్చు చేస్తే మూడు, మూడున్నర శాతం దాకా పోతుంది.

తిరిగి వచ్చాక మిగిలిన నోట్లలో 2,000 అమెరికన్ డాలర్ల విలువ వరకు దగ్గర ఉంచుకోవచ్చు, అంతకు మించినది 180 రోజుల్లో అమ్మేయాలి. నాణేలను ఇక్కడి దుకాణాలు సాధారణంగా తీసుకోవు కనుక అక్కడే ఖర్చు పెట్టేయండి.

మేము క్యాష్ మెమో, బ్యాంకు చెల్లింపు వివరం, 67 రూపాయల మాట ఉన్న కాల్ రికార్డింగు జతచేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాము. దుకాణానికి కూడా లిఖితపూర్వకంగా రాశాము. సర్వీస్ ఛార్జీ 1,710 తిరిగి ఇస్తామని వారు ఫోన్లో అంటున్నారు గాని, రేటు తేడా గురించి మాట్లాడటం లేదు. ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాము. ఇదే పద్ధతిలో నష్టపోయినవారు ఉంటే మీ మెమోలను పారేయకుండా భద్రపరచి, మీరు కూడా ఫిర్యాదు నమోదు చేయండి.