డైక్లోఫెనాక్ జెల్: మోకాలికి మంచిదే, సర్పి తర్వాతి నొప్పికి కాదు

మా ఇంట్లో పోయిన వేసవిలో ఒకే జెల్‌ను ఇద్దరం వాడుకున్నాం. నాది మోకాళ్ల అరుగుదల. 78 ఏళ్ల మా అమ్మది సర్పి (ఇంగ్లిషులో షింగిల్స్) మానిపోయిన తర్వాత కుడివైపు పక్కటెముకల మీద మిగిలిపోయిన నొప్పి. నాకు హాయినిచ్చిన జెల్ ఆమెకు రెండు నెలలు రాసినా గుణం కనిపించలేదు. ఎందుకు కనిపించలేదో ఆలస్యంగా తెలుసుకున్నాను కాబట్టి, ఇంకొకరి ఇంట్లో పెద్దవాళ్లు అన్ని రాత్రులు నిద్ర లేకుండా గడపకూడదని ఈ సమీక్ష రాస్తున్నాను.

మేము కావలిలో కొన్నది 30 గ్రాముల ట్యూబు. దాని మీద సన్నటి అక్షరాల్లో ఉన్న మందులు ఇవి: డైక్లోఫెనాక్ డైఇథైలమైన్ 1.16 శాతం, మిథైల్ సాలిసిలేట్ 10 శాతం, మెంథాల్ 5 శాతం, అవిసె నూనె 3 శాతం. మన దుకాణాల్లో నొప్పులకు అమ్మే జెల్‌లలో చాలావాటి కూర్పు దాదాపు ఇదే కాబట్టి కంపెనీ పేరుతో ఇక్కడ పనిలేదు. రాయగానే తగిలే చల్లదనం మెంథాల్‌ది, ముక్కుకు ఎక్కే ఘాటు ఎక్కువగా మిథైల్ సాలిసిలేట్‌ది. అసలు మందైన డైక్లోఫెనాక్‌కు చల్లదనమూ లేదు, వాసనా లేదు. రాసిన మరుక్షణమే నొప్పి తగ్గిందని మనకు అనిపించేది మెంథాల్ వల్లే గాని, డైక్లోఫెనాక్ పని అప్పటికి మొదలు కూడా కాదు.

ముందు మోకాలి సంగతి చెబుతాను. ముప్పై అయిదేళ్లు నల్లబల్ల ముందు నిలబడిన మోకాళ్లు నావి. గతంలో బఠాణీ గింజంత జెల్ తీసి, వేలితో అలా పులిమి, ఇది పనిచేయదని ట్యూబును మూలన పడేసినవాణ్ణే నేను కూడా. మందుగా 1 శాతం డైక్లోఫెనాక్ ఒక్కటే ఉండే జెల్‌కు అమెరికాలో ముద్రించే సూచనల ప్రకారం మోకాలికి ఒక్కసారికి 4 గ్రాములు, రోజుకు నాలుగుసార్లు రాయాలి. గుణం తెలియడానికి వారం రోజుల వరకు పట్టవచ్చు. ఆ లెక్కన 30 గ్రాముల ట్యూబు రెండు రోజులు కూడా రాదు. మన ట్యూబుల్లో మిథైల్ సాలిసిలేట్ కూడా కలిసి ఉంటుంది కాబట్టి ఆ కొలతను ఉన్నదున్నట్టుగా పాటించమని నేను చెప్పను, డాక్టరును అడిగి కొలత తెలుసుకోవాలి. నేను అలా అడిగి, చెప్పినంత రాసి, ఓపిక పట్టాను. అయిదారు రోజులకు మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవలసిన అవసరం తగ్గింది. ఈ రకం జెల్‌కు ఉన్న పెద్ద సుగుణం ఏమిటంటే, మోకాలికి రాసినప్పుడు రక్తంలోకి చేరేది మాత్రలు మింగినప్పుడు చేరే దానిలో సుమారు 6 శాతమే. కడుపు మంటతో మాత్రలు మానుకున్న నాలాంటివాళ్లకు అది చిన్న విషయం కాదు. మోకాలికి దీనికి అయిదు మార్కులకు నాలుగు వేస్తాను.

అమ్మ విషయంలో ఒక్క మార్కు కూడా వేయలేను. చైత్రమాసంలో ఆమెకు వీపు నుంచి రొమ్ము కిందివరకు ఒకే పక్కన పట్టీలాగా పొక్కులు లేచాయి. ఇరుగుపొరుగువాళ్లు సర్పి అని సరిగ్గానే గుర్తుపట్టారు గాని, తలా తోకా కలిస్తే ప్రాణానికే ముప్పని భయపెట్టి జాజు పూయించారు. అలా నాలుగు రోజులు గడిచిపోయాయి. పొక్కులు కనిపించిన 72 గంటల లోపల వైరస్‌ను అణచే ఎసైక్లోవిర్ వంటి మందు మొదలుపెడితే ఎక్కువ ఫలితం ఉంటుందని మాకు అప్పుడు తెలియదు. మూడు వారాలకు పొక్కులు ఎండి రాలిపోయాయి, నొప్పి మాత్రం పోలేదు. రవిక అంచు తగిలినా, ఫ్యాను గాలి సోకినా ఆమె ఉలిక్కిపడేది. మందుల దుకాణానికి వెళ్లి "నరాల నొప్పికి ఏదైనా ఇవ్వండి" అని అడిగింది నేనే. అక్కడి అబ్బాయి ఈ జెల్ ఇచ్చాడు. రాసిన ప్రతిసారీ పది నిమిషాలు చల్లగా ఉండేది, ఆ తర్వాత ఆమె నోట ఒకటే మాట వచ్చేది: "పైన చల్లగానే ఉండాది నాయనా, లోపల మంట అట్నే ఉండాది." వేలితో రుద్దడమే ఆమెకు పెద్ద శిక్షగా మారింది.

తెలుగు చెప్పి బతికినవాణ్ణి కాబట్టి, ఈ పొరపాటులో మన మాటల పాత్ర నాకు స్పష్టంగా కనిపిస్తున్నది. సెలైన్ ఎక్కించేటప్పుడు "నరం దొరకడం లేదు" అంటాం, అక్కడ నరమంటే రక్తనాళం. "మెడ నరం పట్టేసింది" అంటాం, అక్కడ నరమంటే కండరం. అరికాళ్లలో తిమ్మిరెక్కితే "నరాల బలహీనత" అంటాం, అక్కడ మాత్రమే అది అసలైన నరం. మంట అనే మాట కూడా ఇలాంటిదే. వాచి, ఎర్రబడి, వేడెక్కిన మోకాలిదీ మంటే, దెబ్బతిన్న నరం పుట్టించేదీ మంటే. ట్యూబు మీద ఉన్న యాంటీ ఇన్‌ఫ్లమేటరీ అనే మాటకు "మంటను తగ్గించేది" అని అర్థం చెప్పుకున్న నేను, అమ్మ చెబుతున్న మంట వేరని గ్రహించలేదు. వాపుతో వచ్చే మంటకు వైద్య గ్రంథాల్లో వాడే శోథ అనే మాట వాడుకలో నిలిచి ఉంటే ఈ గందరగోళం ఇంత ఉండేది కాదేమో.

చివరకు నెల్లూరు పొగతోటలో ఒక నరాల డాక్టరు దగ్గరికి అమ్మను తీసుకువెళ్లాను. ఆయన జెల్ చేసే పనిని ఓపికగా వివరించారు. కీలు అరిగినా, మడమ బెణికినా ఆ చోట ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారై నొప్పిని పెంచుతాయి; వాటిని తయారుచేసే కాక్స్ ఎంజైమును డైక్లోఫెనాక్ అడ్డుకుంటుంది. సర్పిలో జరిగింది వేరు. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్సే వెన్నెముక పక్కనున్న నరాల ముడిలో దశాబ్దాల పాటు దాగి ఉండి, వయసు మీద పడి ఒంటి నిరోధకశక్తి తగ్గినప్పుడు ఆ నరం వెంట పైకి వచ్చి దాన్ని దెబ్బతీస్తుంది. పుండు మానినా, దెబ్బతిన్న నరం తనంతట తానే సంకేతాలు పంపుతూ ఉంటుంది. "మాస్టారూ, బంట్రోతు లేకుండానే మీ బడి గంట మోగుతోందనుకోండి, అప్పుడు బంట్రోతును ఆపి ప్రయోజనం ఏముంది?" అన్నారాయన. వెన్నులో నరం నొక్కుకుని కాలంతా లాగే సయాటికాకు పిక్క మీద జెల్ రాసినా, మధుమేహం వల్ల వచ్చే అరికాళ్ల మంటలకు రాసినా కథ ఇంతే. చిన్న పరీక్షల్లో కొంత మేలు కనిపించిన సందర్భాలు ఉన్నా, నరాల నొప్పికి ప్రామాణిక చికిత్సల్లో దీనికి చోటు లేదని కూడా ఆయన చెప్పారు.

అమ్మకు ఆయన రాసినవి రెండు. ఒకటి, రాత్రిపూట తక్కువ మోతాదులో ప్రిగాబలిన్ మాత్ర. తల తిరిగి పడిపోయే ప్రమాదం ఉన్నందువల్ల పెద్దవాళ్లకు దీన్ని మెల్లగా పెంచుకుంటూ పోవాలి, మూత్రపిండాల పనితీరును బట్టి మోతాదు తగ్గించాలి. రెండవది 5 శాతం లిడోకైన్ పట్టీ. ఇది నరంలోని సోడియం మార్గాలను మూసి, అనవసరపు సంకేతాలను తగ్గిస్తుంది. పొక్కులు పూర్తిగా మానిన చర్మం మీదనే అంటించాలి, 12 గంటలు ఉంచి 12 గంటలు తీసివేయాలి. వెనుక పొర తీయకముందే కత్తెరతో కావలసినంత కత్తిరించుకోవచ్చు. ధర జెల్‌కంటే చాలా ఎక్కువ, చెమటకు అంచులు ఊడివచ్చేవి, అన్ని దుకాణాల్లోనూ దొరకదు. ఇన్ని ఇబ్బందులున్నా నేను దీన్నే మెచ్చుకుంటాను, ఎందుకంటే నొప్పి పూర్తిగా పోకపోయినా, పట్టీ అడ్డంగా ఉండడం వల్ల బట్ట రాపిడి తగలక అమ్మ మళ్లీ రవిక వేసుకోగలిగింది.

కొన్ని జెల్‌లలో 0.025 శాతం క్యాప్సైసిన్, అంటే మిరపకాయ కారం, కలుపుతారు. కాయలకు తొడిమలు తీసే ఆడవాళ్ల చేతుల మంట ఎలా ఉంటుందో ప్రకాశం జిల్లా మిరప కల్లాలు చూసినవాళ్లకు చెప్పనక్కరలేదు. ఆ కారాన్ని గుర్తించే టీఆర్‌పీవీ1 గ్రాహకాన్ని 1997లో కనుగొన్న శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. 8 శాతం క్యాప్సైసిన్ పట్టీని సర్పి తర్వాతి నొప్పికి అమెరికా 2009లో అనుమతించింది గాని, దాన్ని వైద్యుల పర్యవేక్షణలోనే వేస్తారు. 0.025 శాతం జెల్‌ను దానితో సమానమని అనుకోకూడదు. అమ్మకు ఆ ఆలోచన చెప్పగానే చేతులెత్తి దండం పెట్టింది, నేనూ బలవంతం చేయలేదు.

జెల్ కొనేవాళ్లు ఒక పరీక్ష చేసుకోవచ్చు. కదిలిస్తే పెరిగి, విశ్రాంతి ఇస్తే తగ్గి, నొక్కితే ఫలానాచోటని చూపించగలిగే నొప్పి అయితే జెల్ మీద ఆశ పెట్టుకోవచ్చు. కదలకుండా పడుకున్నా మండుతూ, కరెంటు షాకులాగా పొడుస్తూ, చీమలు పాకినట్లు తిమ్మిరిస్తూ, మెత్తటి బట్టకు కూడా ఓర్వలేనిది అయితే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పచ్చి పొక్కుల మీద, పుండ్ల మీద ఈ జెల్ రాయకూడదు. రాసిన చోట గట్టిగా కట్టు కట్టడం, వేడి కాపడం పెట్టడం పనికిరావు. డైక్లోఫెనాక్ జాతి నొప్పి మాత్రలను డాక్టరుకు చెప్పకుండా దీనితోపాటు వేసుకోకూడదు. రక్తం పలుచబడడానికి వార్ఫరిన్ వాడేవాళ్లకు మిథైల్ సాలిసిలేట్ వల్ల రక్తస్రావం ప్రమాదం పెరగవచ్చు. ఆస్పిరిన్ పడని ఉబ్బసం రోగులకూ, నెలలు నిండుతున్న గర్భిణులకూ ఇది తగదు.

అమ్మకు ఇప్పుడు రోజూ వాడవలసింది రాత్రి మాత్ర ఒక్కటే, పట్టీ వారానికి రెండు మూడు రోజులు చాలుతున్నది. జెల్ ట్యూబును నా మోకాళ్ల కోసం అలమరలో ఉంచుకున్నాను. 50 ఏళ్లు దాటినవాళ్లకు సర్పి రాకుండా వేసే రెండు మోతాదుల టీకా 2023 నుంచి మన దేశంలో దొరుకుతున్నదని డాక్టరు చెప్పినందువల్ల, దాని గురించి మాట్లాడడానికి వచ్చే నెల మళ్లీ పొగతోటకు వెళ్తున్నాను, ఈసారి నా కోసం.