రెండు దినపత్రికలతో చాలా ఏళ్లు: అనంతపురం పాఠకుడి సమీక్ష

మా ఇంట్లో చాలా ఏళ్లుగా రెండు తెలుగు దినపత్రికలు వేయించుకుంటున్నాం. ఏది ఏ పార్టీ వైపు మొగ్గుతుందో అనంతపురంలో ఎవరిని అడిగినా చెబుతారు. ఒకటి దాచింది రెండోది బయటపెడుతుంది కాబట్టి రెండూ చదివితే నిజం తెలిసిపోతుందని చాలామంది అంటారు. నా అనుభవం అలా లేదు. రెండూ కలిసి దాచేది ఒకటి ఉంది.

నేను సంప్రదాయవాదిని. ప్రభుత్వం తన హద్దుల్లో ఉండాలని, పన్ను కట్టినవారి ప్రతి రూపాయికీ లెక్క చెప్పాలని నమ్మేవాణ్ణి. ఏ పథకం వచ్చినా ఈ పత్రికలు ఎవరు తెచ్చారు, ఎవరు చెడగొట్టారు అని మాత్రమే రాస్తాయి. అసలు ఇది సర్కారు చేయవలసిన పనేనా అని ఒక్క సంపాదకీయమైనా అడగదు.

కియా కార్ల కంపెనీ సంగతే చూడండి. పెనుకొండ దగ్గర ఎర్రమంచి ఫ్యాక్టరీ నుంచి 2019 ఆగస్టులో అమ్మకానికి తొలి కారు బయటికొచ్చింది. ఆరు నెలలకు, 2020 ఫిబ్రవరిలో, దాన్ని తమిళనాడుకు తరలించే చర్చలు జరుగుతున్నాయని రాయిటర్స్ రాసింది. కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం రెండూ ఖండించాయి. ఫ్యాక్టరీ ఎక్కడికీ కదలలేదు. ఆ వారమంతా మా ఇంటికొచ్చిన పత్రికల్లో ఒకటి పరిశ్రమను తరిమేస్తున్నారని, రెండోది ఇదంతా కుట్ర అని పేజీలు నింపాయి. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని 2019లో రాష్ట్రం చట్టం చేసింది కదా, పెట్టుబడి పెట్టినవాడు ఎవరిని పనిలోకి తీసుకోవాలో సర్కారు ఎందుకు నిర్ణయించాలి? మన పిల్లలకు ఉద్యోగాలు రావాలన్న కోరిక నాకూ బలంగా ఉంది. కానీ అవి పిల్లల చదువు, నైపుణ్యం వల్ల రావాలి. ఈ వాదనకు రెండింటిలోనూ చోటు దొరకలేదు.

దీనికి మూలం డబ్బులో ఉందని నా నమ్మకం. పత్రికకు ప్రభుత్వ ప్రకటనే పెద్ద ఆదాయమైనప్పుడు ప్రభుత్వం చిన్నదిగా ఉండాలని అది ఎలా రాస్తుంది? దినపత్రిక కొనుక్కోవడానికి ఒక్కో గ్రామ, వార్డు వాలంటీరుకు నెలకు 200 రూపాయలు ఇస్తామని 2022లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఖజానా సొమ్ముతో పత్రికలు కొనిపించడం ఏ పార్టీ చేసినా తప్పే.

ఈ నేల మీద ఇలాంటి ఆలోచనకు ఒకప్పుడు ఓట్లు పడ్డాయి. పరిశ్రమ పెట్టాలన్నా సర్కారు అనుమతి కావాలనే లైసెన్సు-పర్మిట్ రాజ్యాన్ని ఎదిరిస్తూ రాజాజీ 1959లో స్వతంత్ర పార్టీ పెట్టారు. తొలి అధ్యక్షుడు మన రైతు నాయకుడు ఎన్.జి. రంగా. 1967లో కర్నూలు ఆ పార్టీ అభ్యర్థినే లోక్‌సభకు పంపింది. ఆ సభలో 44 స్థానాలతో అదే అతిపెద్ద ప్రతిపక్షం. అంతటి వారసత్వానికి ఇవాళ తెలుగు దినపత్రికలో వారానికి ఒక వ్యాసం కూడా దక్కకపోవడం నాకు బాధగా ఉంది.

టీవీ చర్చలు మానేశాను. అరుపులు తప్ప అందులో ఏమీ లేదు.

మెచ్చుకోవలసింది జిల్లా ఎడిషన్‌ను. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) ఆయకట్టు రైతులకు గుండె ఆగినంత పనైంది. రోజూ ఎన్ని క్యూసెక్కులు బయటికి పోతున్నాయో, జలాశయంలో ఎన్ని టీఎంసీలు మిగిలాయో, గేటు స్థానంలో నీటిని ఆపే స్టాప్‌లాగ్ ఎలిమెంట్లు ఎప్పుడు దించుతారో జిల్లా పేజీల విలేకరులు పార్టీలను పక్కనపెట్టి రాశారు. రెండు పత్రికల అంకెలూ ఒకదానితో ఒకటి సరిపోయాయి. ఆ వారం నేను కట్టిన చందాకు న్యాయం జరిగింది. మండలాల వారీ వర్షపాతం, వేరుశనగ, టమాటా ధరలు కూడా నమ్మదగినవే. అయితే మండల విలేకరి మీదే ప్రకటనలు తెచ్చే భారం కూడా వేస్తే ఈ నాణ్యత ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేను.

కొత్తగా పత్రిక వేయించుకునేవారు మొదటి పేజీని చూసి ఎంచుకోవద్దు. ఒక వారం పాటు జిల్లా ఎడిషన్‌లో మీ మండలం వార్తలన్నీ చదవండి. నాయకుల పుట్టినరోజులు, పరామర్శలు తీసేశాక నీళ్లు, బడి, రోడ్డు గురించి ఏ పత్రికలో ఎక్కువ మిగిలితే దానికి చందా కట్టండి.